తోడు లేని దారి

సదుం నుండి మదనపల్లెకు బస్సులో ఒంటరిగా పోవువానిని ప్రక్కవారు మొదట అడుగునది ‘తోడెవరును లేరా?’ అనియే. ఆ ప్రశ్నలో జాలి గలదు.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఒంటరితనము వేరు, ఏకాంతము వేరు అని పెక్కుమారులు చెప్పినారు. మొదటిది లోటు, రెండవది నిండుదనము. 1961లో ఆయన వ్రాసికొనిన దినచర్యలో ఆ పట్టణమునకు సమీపముననున్న ఋషివ్యాలీ కొండలు కన్నులకు కట్టును. తోడున్నవాడు తోడివాని మాటలు వినును. ఒంటరివాడు దారిని చూచును.

నేడు విడువని తోడు చేతిలోని ఫోను. దానిని గంటసేపు సంచిలో నుంచినవానికే ఏకాంతము దక్కును. కిటికీ ప్రక్కన చింతచెట్లు, రాతిగుట్టలు కానవచ్చును.

ఇక ఆ ప్రశ్నకు జవాబేమి? చిరునవ్వుతో, వారిది ఏ ఊరని అడుగుటయే. తోడు అప్పుడే దొరకును.