పిల్లికి బిచ్చం పెట్టొద్దట!

టొరంటో పెరళ్లలో పెంపుడు పిల్లులకూ రకూన్లకూ మధ్య తగువు ఒక్క గిన్నె దగ్గరే మొదలవుతోంది

వేసవి రాత్రి తొమ్మిదిన్నర. టొరంటో నగరానికి తూర్పు కొసన ఉన్న స్కార్‌బరోలో ఓ తెలుగు వారి ఇల్లు. విజయవాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ స్టీలు గిన్నెలో పెరుగన్నం కలిపి వెనుక గుమ్మం అవతల పెట్టింది. అది ఇంటి పిల్లి కోసం. పిల్లి రెండు ముద్దలు తిన్నదో లేదో, చెక్క మెట్ల కింద నుంచి కళ్లకు నల్ల గంతలు కట్టుకున్నట్లున్న ముఖమొకటి పైకి లేచింది. దాని వెనకే మూడు పిల్లలు. పిల్లి వీపు విల్లులా వంచి బుస కొట్టింది. వచ్చినవి లెక్కచేయలేదు. తల్లి ముందుకాళ్లతో గిన్నెను తనవైపు లాక్కుని, అన్నాన్ని వేళ్లతో కెలికి తినడం మొదలెట్టింది. "మనలాగే చేత్తో తింటోంది బాబూ. పొమ్మనడానికి నోరు రాదు" అంది పెద్దావిడ.

కోడలికి మాత్రం నోరొస్తుంది. అంతకు రెండు వారాల ముందు పిల్లి చెవి చిరిగి రక్తంతో ఇంటికొచ్చింది. ఏ జంతువు పని అన్నది ఎవరూ చూడలేదు. పశువైద్యుడు మాత్రం గాయం చూసే ముందే అడిగిన ప్రశ్న ఒకటే: రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు? ఆంటారియో రాష్ట్రంలో మూడు నెలలు దాటిన ప్రతి పెంపుడు పిల్లికీ, కుక్కకూ ఆ టీకా తప్పనిసరి. అడవి జంతువు కరిచిందన్న అనుమానం వస్తే, టీకా గడువులో ఉన్న పిల్లికి వెంటనే బూస్టర్ ఇస్తారు. లేని పిల్లికి నెలల తరబడి గృహనిర్బంధం. ఈ పిల్లికి గడువు ఇంకా నలభై రోజులుంది. "ఆ నలభై రోజులే మమ్మల్ని కాపాడాయి. అయినా అత్తయ్య గిన్నె పెట్టడం మానరు" అని వాపోయింది కోడలు.

మన దేశంలో లేని జంతువు కనుక రకూన్ గురించి కొంత చెప్పుకోవాలి. ఉత్తర అమెరికా దీని సొంతగడ్డ. పిల్లికన్నా పెద్దది, మామూలుగా అయిదు నుంచి పది కిలోల బరువు, తోకకు నల్లటి పట్టీలు. అసలు బలం ముందుకాళ్లలో ఉంది. వాటి స్పర్శజ్ఞానం ఎంతటిదంటే, చీకట్లో నీళ్ల అడుగున ఉన్న తిండిని తడిమే పోల్చుకుంటుంది. అలా నీళ్లలో తడమడాన్ని కడగడంగా భావించి జర్మన్లూ జపనీయులూ దీనికి 'కడిగే ఎలుగు' అన్న అర్థం వచ్చే పేర్లు పెట్టారు. కోతి చేతులు, పిల్లి నడక, కుక్క ఆకలి. ఊరికి అలవాటు పడడానికి ఇంకేం కావాలి?

టొరంటో ఈ చేతులతో చేసిన యుద్ధం ప్రపంచమంతా చదివింది. వంటింటి వ్యర్థాలు వేసే ఆకుపచ్చ డబ్బాలను రకూన్లు రాత్రికి రాత్రే ఖాళీ చేస్తుండడంతో, అప్పటి మేయర్ జాన్ టోరీ 2015లో తిప్పితే తప్ప తెరుచుకోని గడియతో కొత్త డబ్బాలు ప్రకటించారు. ఖర్చు 3.1 కోట్ల కెనడా డాలర్లు. 2016 నుంచి వాటిని ఇంటింటికీ పంచారు. యార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు సుజాన్ మెక్‌డొనాల్డ్ వాటిని రకూన్ల ముందే పెట్టి పరీక్షించారు కూడా. 2018లో స్థానిక పత్రిక విలేఖరి ఒకరు తన ఇంటి దగ్గర కెమెరా పెడితే, ఓ ఆడ రకూన్ డబ్బాను పడదోసి గడియ తిప్పేయడం అందులో పడింది. అయితే ఆ విద్య కొద్ది రకూన్లకే అబ్బింది. విచిత్రమేమిటంటే, యుద్ధం ప్రకటించిన 2015లోనే నడివీధి కాలిబాట మీద చచ్చిపడిన ఓ రకూన్‌కు జనం పూలు, కొవ్వొత్తులు పెట్టి నివాళులర్పించారు. తిట్టడమూ వీళ్లే, ఏడవడమూ వీళ్లే.

పిల్లుల విషయంలోనూ ఇదే రెండు నాలుకల ధోరణి. నిజానికి ఎదిగిన పిల్లీ రకూనూ ఎదురుపడితే ఎక్కువసార్లు ఎవరి దారిన అవి పోతాయి. మధ్యలో తిండి గిన్నె ఉన్నప్పుడో, రకూన్ వెంట పిల్లలున్నప్పుడో కథ మారుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపియాలో 2006 వేసవిలో రకూన్లు పదిదాకా పెంపుడు పిల్లులను చంపాయని వార్తలొచ్చాయి. వీధివాళ్లు గస్తీ కూడా తిరిగారు. అలాంటివి అరుదు. పిల్లి రాకపోకల కోసం తలుపుకు పెట్టించిన చిన్న రెక్కను నెట్టుకుని రకూన్ వంటింట్లోకి రావడం మాత్రం అంత అరుదేమీ కాదు.

భయం ఉత్తిదేమీ కాదు. దాదాపు పదేళ్లు కనిపించని రకూన్ రేబిస్ 2015 డిసెంబర్‌లో టొరంటోకు గంట ప్రయాణం దూరంలోని హామిల్టన్‌లో బయటపడింది. అప్పటినుంచి ప్రభుత్వం వెనీలా వాసన వచ్చే తీపి ఎరల్లో టీకా మందు నింపి, ఊళ్లలో చేత్తోనూ అడవుల్లో విమానాల నుంచీ వెదజల్లింది. రకూన్ పెంటలోని ఏలికపాము గుడ్లు మట్టిలో ఆడుకునే పిల్లల కడుపులోకి చేరితే మెదడుకే ముప్పు. ఇదీ అరుదే అయినా, పెరట్లో ఒకే మూల పెంటికలు కనిపిస్తే తల్లిదండ్రులు కంగారు పడటంలో తప్పులేదు.

పట్టి దూరంగా వదిలేస్తే పోలేదా అన్నది కొత్తగా వచ్చినవారి మొదటి ప్రశ్న. కుదరదు. ఆంటారియో చట్టం ప్రకారం పట్టిన చోటికి కిలోమీటరు లోపలే వదలాలి. వసంతంలోనైతే తల్లిని తరిమాక, అటకమీద కళ్లు తెరవని పిల్లలు ఆకలితో చస్తాయి. పైగా ఒకటి పోతే గిన్నె ఉన్న చోటికి ఇంకోటి వస్తుంది. అందుకే నగరపాలక సంస్థ గిన్నె మీదే పడింది. 2023 ఏప్రిల్ నుంచి సొంత పెరట్లోనైనా అడవి జంతువులకు తిండి పెట్టడం టొరంటోలో నేరం. పక్షులకు గింజలు వేసేవారికీ, వీధి పిల్లులను పట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి తిరిగి వదిలే కార్యక్రమంలో ఉన్నవారికీ మినహాయింపులున్నాయి.

మన దగ్గర 'పిల్లికి బిచ్చం పెట్టడు' అన్నది తిట్టు. ఇక్కడ పిల్లికి బయట పెట్టినది రకూన్‌కు పెట్టినట్లే లెక్క. స్కార్‌బరో పెద్దావిడకు ఈ సంగతి చెప్పింది పక్కింటి కెనడా ముసలాయన. ఆయన ఇంటి అటక మీదే తల్లి రకూన్ కాపురం పెట్టింది. పైకప్పు బాగుచేయించడానికి డబ్బు వదిలింది ఆయనకే. ఆయన కోపం న్యాయమైనదే. పెద్దావిడ బాధలోనూ అన్యాయం లేదు. ఇంటి ముందుకు వచ్చినదాన్ని ఉత్త కడుపుతో పంపడం ఆమెకు డెబ్బై ఏళ్లలో ఎవరూ నేర్పలేదు. "గడప లోపల పెడితే కేసు లేదుగా?" అని అడిగిందామె. లేదు.

నేను తిరిగివచ్చే ముందు రోజు రాత్రి గిన్నె లోపలే ఉంది. పిల్లిని పొద్దు వాలకముందే ఇంట్లో వేసి, అద్దం తలుపు మూశారు. తొమ్మిదిన్నరకు తల్లి, మూడు పిల్లలు వచ్చాయి. గిన్నె ఉండే చోట తల్లి రెండు చేతులతో చెక్కను తడిమింది. అటు తిరిగి ఇటు తిరిగి మళ్లీ తడిమింది. అద్దానికి ఇవతల పిల్లి తోక ఊపుతూ చూసింది. పెద్దావిడ లేచి లైటు ఆర్పేసింది.