పాత యింటికి కొయ్య కిటికీలు



నేడు ఇంగ్లండులో కాపురముండు తెలుగు కుటుంబములు వేలకొలదిగ నున్నవి. వారిలో పలువురు కొనునవి క్రొత్త యిండ్లు కావు. విక్టోరియా రాణి కాలమున ఎఱ్ఱని యిటుకలతో, ప్రక్కగోడలు కలియునట్లు వరుసగా గట్టిన పాత యిండ్లు. మేమును లండనులో నట్టి యింటినే కొంటిమి. అది 1890 ప్రాంతమున గట్టినది. గృహప్రవేశమైన మొదటి చలికాలముననే దాని కిటికీలు మాకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినవి. గాలి వీచినప్పుడెల్ల అవి గడగడ కొట్టుకొనెడివి. మా యత్తగారు శాలువ కప్పుకొని, “ఇదేమి కిటికీయమ్మా! మూసినను తెఱచినట్లే యున్నది” అనెడివారు. మా పసివాడికి జలుబు విడువకుండెను.

ఇంతలో కిటికీలమ్ము వ్యాపారి యొకడు వచ్చి, పది నిమిషములు చూచి, “ఇవి యన్నియు పాడైనవి. పెఱికివేసి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకొనుడు. నేడే సంతకము చేసినచో వెల తగ్గింతును” అని కాగితము మా ముందుంచెను. మా వారు సంతకము చేయబోయి యాగి, “పగలంతయు ఈ యింట నుండుదానవు నీవు. నీవే విచారించి చెప్పుము” అనిరి. ఆ విచారణలో నేను తెలిసికొన్న సంగతులు ఇట్టి యిండ్లలో నున్న సోదరీమణులకు పనికివచ్చునని వ్రాయుచున్నాను.

ఈ కిటికీలను అక్కడివారు సాష్ కిటికీలందురు. మన కిటికీ రెక్కలవలె నివి ప్రక్కకు తెఱచుకొనవు. రెండు గాజు చట్రములు, ఒకటి పైన, ఒకటి క్రింద, ఒకదాని కొకటి వెనుకగా నమరి మీదికి క్రిందికి జరుగును. మన రైలుపెట్టె కిటికీయు మీదికి జరుగునదే. కాని పట్టు తప్పినచో దభాలున వ్రేళ్ళమీద పడును. సాష్ కిటికీ యట్లు పడదు. ఎక్కడ నిలిపిన నక్కడనే నిలుచును. కారణము గిలక. చట్రమునకు రెండు ప్రక్కల గట్టిన నూలుత్రాళ్ళు గిలకలమీదుగా పోయి, గోడయంచున దాగిన చెక్కపెట్టెలో దిగును. ఆ త్రాళ్ళ కొనలకు ఇనుపగుండ్లు వ్రేలాడుచుండును. గుండ్ల బరువు చట్రపు బరువునకు సరితూగుటచేత పెద్ద కిటికీనైనను రెండు వ్రేళ్ళతో లేపవచ్చును.

పై చట్రమును కొంత దింపి, క్రింది చట్రమును కొంత లేపినచో వేడిగాలి పైనుండి బయటికి పోవును, చల్లగాలి క్రిందనుండి లోనికి వచ్చును. పోపు పెట్టు వంటయింటికి ఇంతకంటె మేలైన యేర్పాటు లేదు.

ఈ మాదిరి కిటికీ ఇంగ్లండులో 1670ల నుండి వ్యాపించెను. 1666లో లండను నగరము తగులబడిన పిమ్మట అగ్నిభయముచే శాసనములు పుట్టినవి. 1709లో అమలునకు వచ్చిన శాసనము కొయ్యచట్రమును గోడ ముఖమునుండి నాలుగు అంగుళములు లోపలికి పెట్టుమనెను. 1774 నాటి శాసనము గుండ్ల పెట్టెను సయితము ఇటుకల వెనుక దాచుమనెను. ఆ కాలపు గాజును గుండ్రని పళ్ళెమువలె ఊది, చిన్న చిన్న పలకలుగా కోసెడివారు. కావున జార్జి రాజుల నాటి కిటికీలో చట్రమునకు ఆరేసి పలకలుండుట సాధారణము. 1845లో గాజుపన్ను, 1851లో కిటికీపన్ను రద్దయినవి. పెద్ద పలకలు చౌకయైనవి. విక్టోరియా కాలపు చట్రములలో రెండేసి పలకలో, ఒకే పలకయో యుండుట అందువలననే. బరువు పెరిగినందున చట్రపు మూలలు వీడిపోకుండ చిన్న కొమ్ములను వదలి చెక్కిరి. మీ యింటి కిటికీ ఏ కాలపుదో దీనినిబట్టి కొంత యెఱుగవచ్చును.

ఇక అసలు ప్రశ్న. గడగడలాడు కిటికీ పాడైన కిటికీయేనా? కాదు. గడగడలాడుట సందులు పెరుగుటవలన, లేక లోపలి పట్టెలు అరుగుటవలన. త్రాడు తెగినచో కిటికీ నిలువదు. రంగుమీద రంగు వేసి అంటించినచో కదలదు. ఇవి యన్నియు బాగుచేయదగిన లోపములే. పుచ్చుట మాత్రము వేఱు. అది ప్రాయికముగ నీరు నిలుచు చోటనే మొదలగును: క్రింది చట్రపు అడుగుపట్టె, దాని మూలలు, కిటికీ క్రింద వాలుగా నుండు పీటచెక్క. ఒక దబ్బనము తీసికొని యీ చోట్ల గ్రుచ్చి చూడుడు. మొన యాగినచో కొయ్య గట్టిది; మెత్తగ దిగినచో పుచ్చినది.

నేనట్లే చేసితిని. మా యింట కిటికీలు పది. ఆరింటిలో కొయ్య గట్టిగ నుండెను. రెండింటికి అడుగుపట్టెలు మాత్రము పుచ్చినవి. వెనుకవైపు ఒకటి పూర్తిగ చివికినది. పదియవది మునుపటి యజమానులు పెట్టించిన ప్లాస్టిక్ కిటికీ. దాని రెండు గాజుల నడుమ అంటు వీడి ఆవిరి చేరి, ఎంత తుడిచినను మసకగనే యుండెను. ఆ గాజుజంటను మార్చుట తప్ప వేఱు దారి లేకపోయెను. వ్యాపారి “పాడైనవి” అని చెప్పిన కొయ్య కిటికీలలో నిజముగ పాడైనది ఒక్కటే! నూరేండ్లు దాటిన ఆ కొయ్య నిదానముగ పెరిగిన దేవదారు జాతిది. నేడు అంగడిలో దొరకు త్వరగా పెరిగిన కొయ్యకంటె బిగువైనది.

చలి మాటయేమని మీరడుగవచ్చును. న్యాయముగ చెప్పవలెనన్న, ఒంటి గాజుకంటె జంటగాజు చలిని చాల మేలుగ నాపును. కాని పాత కిటికీని దిక్కులేనిదిగ చూడరాదు. హిస్టారిక్ ఇంగ్లండ్ అను ప్రభుత్వసంస్థ తెలిపిన పరీక్షలలో, బాగున్న సాష్ కిటికీ సందులకు గాలి యడ్డుపట్టీలు తొడిగినచో లోనికి జొరబడు గాలి నూటికి 86 వంతుల వఱకు తగ్గెను. రాత్రి మందమైన తెరలు వేసినంతనే కిటికీగుండ పోవు వేడి నూటికి 41 వంతులు తగ్గెను. ఇంకను చాలదనిపించినచో లోపలివైపున మఱియొక గాజుతలుపు అమర్చుకొనవచ్చును. అది వీధి సందడిని సయితము తగ్గించును.

ఒక హెచ్చరిక తల్లులు మఱవరాదు. పాత యిండ్ల కొయ్యకు వేసిన రంగులలో సీసము కలదు. అది పసిపిల్లల మెదడునకు, గర్భిణులకు హానికరము. మేము తెలియక ఒక ఆదివారమున గరుకుకాగితముతో రంగు గీయ మొదలుపెట్టితిమి. ప్రక్కయింటి వృద్ధురాలు కిటికీలోనుండి చూచి పరుగున వచ్చి ఆపెను. మా పసివాడు ఆ పీటచెక్కనే పట్టుకొని నిలుచుండి నోటితో కొఱకుచుండెడివాడు! ఆనాటి భయము నాకింకను పోలేదు. వెంటనే వైద్యునికి చూపించితిమి. ఈశ్వరకృపవలన వానికి హాని కలుగలేదు. పాత రంగును పొడిగ గీయరాదు, మంటతో కాల్చరాదు. తెలిసిన పనివానిచే తడిపి తీయించి, ధూళిని తడిబట్టతో తుడిపించి, పని ముగియు వఱకు పిల్లలను వేఱొకచోట నుంచవలెను.

క్రొత్తది చేయింపక తప్పదన్నచో ఈ సంగతులను విచారింపుడు.

మొదటిది, అనుమతి. కొన్ని వీధులలో ముందువైపు కిటికీ మార్చుటకు పురపాలక సంఘపు అనుమతి వలయును. చారిత్రక కట్టడముల పట్టికకెక్కిన యింటిలో అనుమతిలేక మార్చుట నేరము.

రెండవది, కొయ్య. ఏ కొయ్యయో పేరు వ్రాయించుకొనుడు. ఓక్ మన్నికైనది, వెల హెచ్చు. అకోయా యనునది పులియబెట్టిన రసమువంటి ఆమ్లపు సంబంధముగల ద్రవముతో శుద్ధిచేసిన దేవదారు. నేలకు తగులని చోట దానికి 50 ఏండ్ల పూచీ నిత్తురు.

మూడవది, పోలిక. పాత కిటికీకి గల పలకల లెక్క, నడిమి పట్టెల సన్నదనము, కొమ్ములు, గోడలోనికి గల లోతు క్రొత్తదానికి నుండవలెను. జార్జి కాలపు ఇంటికి కొమ్ములు పెట్టుట, విక్టోరియా కాలపు ఇంటికి చిన్న పలకలు పెట్టుట, రెండును పొరపాట్లే.

నాల్గవది, బరువు. జంటగాజు పెట్టినచో చట్రము బరువెక్కును. గుండ్లను సయితము మార్చి తూచవలెను. పెట్టెలో చోటు చాలనిచో ఇనుమునకు బదులు సీసపుగుండ్లు వేయుదురు. ఈ ప్రశ్నకు తడుముకొను పనివానికి పని నీయకుడు.

ఐదవది, పిల్లల క్షేమము. నేలనుండి 800 మిల్లీమీటర్ల లోపున నున్న గాజు భద్రతగాజై యుండవలెను. మేడమీది కిటికీ 100 మిల్లీమీటర్లకంటె తెఱచుకొనకుండ అడ్డుమర పెట్టించుడు. కాని నిప్పంటుకొన్నపుడు పెద్దలు దానిని సులువుగ తీయగలుగవలెను.

మా వెనుక కిటికీని కొయ్యతోనే క్రొత్తగ చేయించితిమి. తక్కిన యెనిమిదింటికి త్రాళ్ళు, పట్టీలు, రెండింటికి అడుగుపట్టెల యతుకులు వేయించితిమి. అంతయు కలిపినను వ్యాపారి యడిగిన మొత్తములో సగమైనను కాలేదు. ఇప్పుడు గాలివాన వచ్చినను గదిలో చప్పుడు లేదు. అన్నము వార్చునపుడు మా యత్తగారే స్వయముగ లేచి, పై చట్రమును ఒక జానెడు దింపి, ఆవిరి పోయిన పిమ్మట మరల మూయుచున్నారు.

కావున సోదరీమణులారా, ఎవరు తొందరపెట్టినను అదే దినమున సంతకము చేయకుడు. ముందు దబ్బనముతో కొయ్యను గ్రుచ్చి చూడుడు. గట్టిగ నున్నదానిని నిలుపుకొనుడు, పుచ్చినదానినే మార్చుడు.