మోకాలి లిగమెంట్ తెగితే 9 నెలలు ఆగాల్సిందేనా?

2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో పీవీ సింధును ఓడించిన కరోలినా మారిన్ గుర్తుందా? 2019 జనవరిలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్లో సైనా నెహ్వాల్‌తో ఆడుతూ ఆమె కుడి మోకాలిలో ఏసీఎల్ తెగింది. 2021లో ఎడమ మోకాలికీ అదే గాయమై టోక్యో ఒలింపిక్స్‌కు దూరమైంది. 2024 పారిస్ సెమీఫైనల్లో మళ్లీ కుడి మోకాలే దెబ్బతింది. మీ పిల్లలు షటిల్, కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడుతుంటే ఈ గాయం గురించి తెలుసుకోవాల్సిందే.

ఏమిటీ ఏసీఎల్?

తొడ ఎముకను, కింది కాలి ఎముకను మోకాలి లోపల కలిపి ఉంచే లిగమెంట్ ఇది. ఎవరూ ఢీకొట్టకుండానే ఇది తెగిపోవచ్చు. ఎగిరి దిగేటప్పుడు, పరుగులో ఒక్కసారిగా ఆగినప్పుడు, గిర్రున తిరిగినప్పుడు ఎక్కువగా తెగుతుంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు ముప్పు కనీసం రెండు రెట్లు ఎక్కువ.

ఎలా గుర్తించాలి?

మోకాలిలో ‘టప్’మని చప్పుడు, కొన్ని గంటల్లోనే వాపు, కాలు మోపితే మోకాలు జారిపోతున్నట్టు అనిపించడం ముఖ్య లక్షణాలు. వెంటనే ఆట ఆపేయాలి. ఐస్‌ను గుడ్డలో చుట్టి పెట్టాలి. మర్దన చేయించడం, కాలు లాగించడం వద్దు. లిగమెంట్ ఎక్స్‌రేలో కనిపించదు. కాబట్టి ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అని వదిలేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కొందరికి ఫిజియోథెరపీ సరిపోతుంది.

మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు?

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. నొప్పి తగ్గింది కదా అని మైదానంలోకి దిగుతారు. ఆపరేషన్ చేయించుకున్న 106 మందిని పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 9 నెలల వరకు ఆగిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే ముప్పు సగం మేర తగ్గింది. తొడ కండరాల బలం, గెంతే సామర్థ్యం పరీక్షల్లో నెగ్గకుండానే ఆటలోకి వెళ్లినవారిలో 38 శాతం మంది మళ్లీ గాయపడ్డారు. నెగ్గి వెళ్లినవారిలో ఇది 6 శాతం లోపే. అంటే 9 నెలలు ఆగడమే కాదు, పరీక్షలూ నెగ్గాలి.

ముందే ఆపలేమా?

చాలావరకు ఆపొచ్చు. ఫిఫా రూపొందించిన ‘11 ప్లస్’ అనే 20 నిమిషాల వార్మప్ ఉంది. పరుగు, ప్లాంక్, స్క్వాట్, ఒంటికాలిపై నిలబడటం, ఎగిరి మెత్తగా దిగడం లాంటివి అందులో ఉంటాయి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మందిపై దీన్ని పరీక్షించారు. ఇది చేసిన జట్లలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు, తీవ్ర గాయాలు సగానికి దగ్గరగా తగ్గినట్టు 2008లో తేలింది.

మీరు అడగాల్సినవి

- స్కూల్ పీఈటీని, కోచ్‌ను: ఆటకు ముందు వార్మప్ ఎంతసేపు, వారానికి ఎన్నిసార్లు చేయిస్తున్నారు?
- డాక్టరును: ఆపరేషన్ తప్పదా? ఫిజియోథెరపీ ఎన్ని నెలలు?
- ఫిజియోథెరపిస్టును: రెండు కాళ్ల బలం సమానంగా ఉందా? పరీక్షించి చూశారా?

చివరి ప్రశ్నకు ‘చూశాం, సమానంగానే ఉంది’ అనే జవాబు రాకముందే టోర్నమెంట్‌కు పేరు ఇవ్వకండి.