కొత్త కాపురం, కొత్త ఊరు, తొలి క్రిస్మస్

మా నూజివీడు ప్రాంతంలో పెళ్ళి తేదీలను పెద్దలకంటే ముందు తోటలే నిర్ణయిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కాయ కోసి, లారీ విజయవాడ దగ్గర నున్న మార్కెట్టుకు వెళ్ళి, వ్యాపారి లెక్క తేల్చిన తరువాతగాని ఆడపిల్ల తండ్రి చేతిలో నాలుగు డబ్బులు ఆడవు. అందుచేత మా సంఘంలో వివాహాలు చాలామట్టుకు మే నెలాఖరున, జూన్ మొదట్లో జరుగుతాయి. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం, వారం పది రోజుల సెలవు. ఆ సెలవు కాగానే అమ్మాయి ఒక సూట్‌కేసు, ఆ యేటి కొత్త ఆవకాయ జాడీ, పదిమంది చెప్పిన పది రకాల సలహాలు మూటగట్టుకొని బస్సెక్కుతుంది.

ఆ కొత్త కాపురానికి మొట్టమొదట వచ్చే పెద్ద సెలవులు చలికాలపు సెలవులే. సెమీ క్రిస్మస్ మొదలుకొని క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, నూతన సంవత్సరం, ఆపైన పట్నమంతా కదిలిపోయే సంక్రాంతి. ఎవరి ఇంటికి ముందు వెళ్ళాలి, ఎవరికి ఎంత పెట్టాలి, అసలు వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నలు ఆ నలభై రోజుల్లోనే వస్తాయి. సంఘకాపరులముగా మేము ఇన్నేళ్ళలో గమనించినదేమంటే, వివాహపు రోజున మేము చేసే ప్రసంగం ఎవరికీ జ్ఞాపకముండదుగాని, తొలి క్రిస్మస్ ఎక్కడ ఎలా జరిగిందో ఇరవై యేళ్ళ తరువాత కూడా ఇద్దరికీ జ్ఞాపకముంటుంది.

కొత్త అల్లుణ్ణి మొదటి పండుగకు పిలవడం తెలుగువారి ఆచారం. ఇతరుల ఇళ్ళలో అది సంక్రాంతి అయితే మన ఇళ్ళలో క్రిస్మస్ అయింది. ఆచారం మంచిదే. అత్తగారింట కొత్త బట్టలు, అరిసెలు, కజ్జికాయలు, బావమరదుల వేళాకోళాలు, రాత్రి రెండు గంటలకు వాకిట్లో కేరల్స్ బృందం, వాళ్ళకు టీ కాచి పోయడం, ఇవన్నీ ఉంటేనే కొత్త చుట్టరికం బిగుస్తుంది. అయితే ఆచారానికి అవతలివైపు ఒక లెక్క ఉంది. దాన్నిగురించే ఈ నెల వ్రాయాలనిపించింది.

డిసెంబరులో మామిడి రైతు చేతిలో డబ్బుండదు. ఇది తోటలున్నవారికి వేరే చెప్పనక్కరలేదు, పట్నంలో ఉన్న పిల్లలకు చెప్పాలి. వర్షాలు వెనుకబట్టాక తోటకు నీళ్ళు ఆపి, చెట్టును కొంత బెట్టకు వదిలితేగాని పూత సరిగా రాదు. డిసెంబరు, జనవరి నెలల్లో పూమొగ్గ తొంగిచూడగానే ఖర్చు మొదలవుతుంది. తేనెమంచు పురుగుకు ఒక మందు, బూడిద తెగులుకు ఒక మందు, కూలీలు, డీజిలు. రాబడి మాత్రం ఏప్రిల్ దాకా లేదు. పైగా తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టిన రోజున రైతు తోట వదిలి ఊరు దాటడు. కూతురి కొత్త కాపురం చూడాలని తండ్రికి ఉండదా? ఉంటుంది. కాని ఆ నెలలో ఆయన చెట్లకు కావలివాడు.

కొన్నేళ్ళ క్రితం జరిగిన ఒక సంగతి, ఆ కుటుంబం ఒప్పుకున్నదిగనుక, పేర్లు లేకుండా చెబుతున్నాము. నూజివీడునుండి ఆగిరిపల్లి వెళ్ళే దారిలో ఒక ఊరు. నాలుగెకరాల తోట, ఎక్కువ భాగం చిన్నరసాలు, గట్లవెంబడి కొన్ని కలెక్టరు చెట్లు. పెద్దమ్మాయికి ఏలూరు టౌనులో పుట్టి పెరిగిన అబ్బాయితో జూన్‌లో వివాహమైంది. అబ్బాయి హైదరాబాదులో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ. డిసెంబరు మొదటి వారంలో తండ్రి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. చివరికి మా ఇంట్లో అమ్మగారే అడిగింది, 'ఏమైంది అన్నయ్యా?' అని.

అయిందేమంటే, తోటను పూతకు ముందే గుత్తకిమ్మని ఒక వ్యాపారి అడుగుతున్నాడు. వెంటనే బయానా ఇస్తాడు. ఆ డబ్బుతో అల్లుడికి ఉంగరం, బట్టలు, వియ్యాలవారికి పెట్టుపోతలు అన్నీ జరిగిపోతాయి. పూత చూడకుండా ఇచ్చే గుత్త ఎలా ఉంటుందో మన రైతులకు తెలుసు. కాయ నిలవకపోతే నష్టం తనదని వ్యాపారి ముందే ధర తగ్గించి చెబుతాడు. అందులో అతని తప్పు లేదు, అది వ్యాపారం. కాని ఒక్క పండుగ రోజుకోసం ఒక యేటి పంటను తక్కువకు వదులుకోవడం ఏ పాటి న్యాయం? 'అల్లుడు ఉంగరం అడిగాడా?' అన్నాము. 'అడగలేదండి, అడక్కపోయినా పెట్టాలిగదా' అన్నాడు.

అక్కడ హైదరాబాదులో ఇంకొక కథ నడుస్తున్నది. అబ్బాయికి 25వ తేదీ ఒక్కటే సెలవు. తెలంగాణ ప్రభుత్వ సెలవుల పట్టికలో 26 కూడా ఉంటుందిగాని చాలా ప్రైవేటు కంపెనీలకు ఆ పట్టికతో పనిలేదు. ఒక్క రోజులో వచ్చి వెళ్ళడం కుదరదు. ఆ మాట మామగారికి ఎలా చెప్పాలో తెలియక అబ్బాయి నాన్చుతున్నాడు. అమ్మాయేమో పగలు భర్త నిద్రపోతుంటే వంటింట్లో తలుపు వేసుకొని తల్లికి ఫోను చేసి ఏడుస్తున్నది. ఇటు ఊళ్ళో అప్పుడే ఒక మాట పుట్టింది, 'అల్లుడు అలిగాడట, పెట్టుబడి చాలలేదట' అని. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ నిజం కూడా చెప్పలేదు. ఇలాంటివే పెద్దవౌతాయి సుమా.

మేము చేసింది పెద్ద పనేమీ కాదు. అబ్బాయికి ఫోను చేసి, తోట సంగతి ఉన్నదున్నట్టు చెప్పాము. అతడికి గుత్త అంటే ఏమిటో, బయానా ఎందుకో తెలియనే తెలియదు. విని కాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే మామగారికి ఫోను చేశాడు. 'మామయ్యగారూ, మాకు 25 ఒక్క రోజే సెలవు. పండుగకు రాలేము. ఉంగరం నాకు వద్దు. తోట ఇచ్చెయ్యకండి. జనవరి ఆఖరులో నాలుగు రోజులు సెలవు పెట్టుకొని వస్తాము' అన్నాడట. తండ్రికి మొదట కోపం వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు వ్యాపారికి కాదని కబురు పంపాడు. తల్లి మాత్రం ఊరుకోలేదు. అరిసెలు, చక్కిలాలు, కూతురికి చీర, అల్లుడికి షర్టు గుడ్డ ఒక అట్టపెట్టెలో కట్టి బస్సు పార్సిలులో వేయించింది.

ఇక ఆ ఇద్దరి తొలి క్రిస్మస్ ఎలా జరిగిందంటే, మొదట బాగా జరగలేదు. మన కోస్తావారికి హైదరాబాదు చలి తెలియదు. రాత్రి 12, 13 డిగ్రీలకు దిగే రోజులుంటాయి. ఈ పిల్లల దగ్గర రెండు పల్చని దుప్పట్లే ఉన్నాయి. 24వ తేదీ రాత్రి అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు. కేరల్స్ పాడుతూ ఎవరో వీధిలోకి వచ్చారుగాని పై అంతస్తులో ఉన్న అమ్మాయి కిందికి దిగేలోగా వెళ్ళిపోయారు. తెల్లవారి ఇద్దరూ సికింద్రాబాదులో ఒక పెద్ద ఆలయానికి వెళ్ళారు. లోపల చోటు లేదు, షామియానా కింద నిలబడి ఆరాధన చేసుకున్నారు. ఎవరూ పేరైనా అడగలేదు. ఇక్కడ పట్టణ సంఘాలవారితో ఒక మాట చెప్పక తప్పదు. పండుగనాడు వెనుక వరుసలో కొత్త చీర, కొత్త చొక్కాతో ఒంటరిగా నిలబడిన జంట కనిపిస్తే, వాళ్ళు మా నూజివీడువాళ్ళో, మీ తిరువూరువాళ్ళో అయివుంటారు. ఒక కప్పు టీ, 'ఏ ఊరమ్మా?' అన్న ఒక ప్రశ్న, దీనికి కమిటీ తీర్మానం అవసరం లేదు.

అదృష్టవశాత్తు ఆ ఇంటి కింది వాటాలో ఉన్న ఒక ముసలమ్మగారు, ఆమె మన విశ్వాసులు కూడా కారు, మెట్లమీద అరిసెల వాసన పట్టి 'ఏమిటమ్మా, పండగా?' అని పలకరించింది. మధ్యాహ్నం ముగ్గురూ కలిసి భోంచేశారు. ఆవకాయ జాడీ దించారు. ఆ ముసలమ్మగారు ఆ తరువాత ఆ అమ్మాయికి పట్నంలో మొదటి చుట్టమైంది.

కొత్త ఊళ్ళో తొలి చలికాలం కష్టమన్నది ఈనాటి మాట కాదు. 1841లో హెన్రీ ఫాక్స్ దొరగారు, ఆయన భార్య ఎలిజబెత్తు, పెళ్ళైన కొద్దికాలానికే ఇంగ్లండులో ఓడెక్కి, మద్రాసు మీదుగా బందరు చేరారు. వారితో వచ్చిన రాబర్ట్ నోబుల్ గారు పాఠశాల చేపట్టారు. 1843లో మొదలైన ఆ బడే తరువాత నోబుల్ కళాశాల అయింది. ఫాక్స్ గారు తెలుగు నేర్చుకొని ఊరూరా తిరిగి బోధించే పని చేపట్టారు. అప్పటికి కృష్ణా జిల్లా లేదు, అది 1859లో ఏర్పడింది. మన నూజివీడు ఆనాడు మచిలీపట్నం జిల్లాలోది. భాష రాదు, బంధువు లేడు, ఇంటికి ఉత్తరం వ్రాస్తే జవాబుకు నెలలు పట్టే రోజులు. ఎలిజబెత్తు 1845లో చనిపోయింది, ఫాక్స్ గారు 1848లో 31 యేళ్ళకే కన్నుమూశారు. చరిత్ర పుస్తకాలలో ఫాక్స్, నోబుల్ అని ఇద్దరి పేర్లే వినిపిస్తాయి. బందరులో ఆ మొదటి డిసెంబరును గడిపిన కొత్త పెళ్ళికూతురిని కూడా తలచుకోవాలని మాకు తోస్తుంది.

మోషే ధర్మశాస్త్రం, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో, కొత్తగా పెళ్ళైన పురుషుడు ఒక సంవత్సరం యుద్ధానికి వెళ్ళనక్కరలేదని, ఇంటి పట్టున ఉండి భార్యను సంతోషపెట్టాలని ఒక నియమముంది. సైన్యమే విడిచిపెట్టినప్పుడు, కొత్త కాపురస్థునికి ఒక్క క్రిస్మస్ రాత్రికి డ్యూటీ మార్చడం ఆఫీసులకు అంత కష్టమా అని మేము అప్పుడప్పుడు అనుకుంటాము. అడిగితే మార్చేవారూ ఉన్నారు. మన పిల్లలు అడగరు, మొహమాటం.

రాదలచుకొన్నవారు ముందుగా చూసుకోవలసినది టిక్కెట్టు. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1నుండి 60 రోజుల ముందు తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. అంటే డిసెంబరు 23 ప్రయాణానికి అక్టోబరు చివరి వారంలోనే కూర్చోవాలి. నూజివీడు అని రాసి ఉన్న స్టేషను నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది, ఈ సంగతి కొత్త అల్లుళ్ళకు ముందే చెప్పండి, ఒకాయన అర్ధరాత్రి దిగి అత్తగారింటికి నడిచి పోదామనుకున్నాడు! బస్సులో వచ్చేవారు సంక్రాంతికి ముందు రెండు రోజులు తప్పించుకుంటే మేలు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోలుగేటువద్ద బారులు తీరే కార్లు ప్రతి యేడూ చూస్తున్నదే.

పట్నంలోనే ఉండిపోయేవారు గదిలో కూర్చుని ఫోనులో ఊరి ఫోటోలు చూసి బాధపడనక్కరలేదు. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలై ఫిబ్రవరి మధ్యదాకా ఉంటుంది. 1938లో పుట్టిన ఆ ఎగ్జిబిషను రాబడితో విద్యాసంస్థలు నడుస్తున్నాయి. దుప్పట్లు, స్వెట్టర్లు అక్కడ చవకగా దొరుకుతాయి, బేరమాడాలి. మెదక్ చర్చికి ఒక రోజు చాలు. పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టించి, కరువు రోజుల్లో ఎందరికో ఆ పనితోనే అన్నం పెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆలయమది. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన అద్దాల కిటికీలు పగటి వెలుగులోనే చూడాలి. పండుగనాడు జనసముద్రం, మరుసటి వారం వెళ్తే ఇద్దరూ తీరికగా కూర్చోవచ్చు. బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణిగారు భర్తతో తమ 36వ వివాహదినాన ఆరాధనకు వచ్చినది ఆ ఆలయానికే. ఈ సంగతి చెబితే ఆడపిల్లలు తప్పక చూడాలంటారు.

మనం చెప్పుకుంటున్న జంట అన్నమాట ప్రకారం జనవరి చివరి వారంలో వచ్చారు. రద్దీ లేదు, టిక్కెట్టు మామూలు ధరకే దొరికింది. తోటలో ఆ యేడు మంచుకు కొంత పూత మాడిపోయి, సగం కాయే నిలిచింది. అయినా కోతనాటికి తండ్రికి చేరిన మొత్తం బయానా వ్యాపారి చెప్పిన ధరకు తగ్గలేదు, అప్పు పత్రం మీద సంతకం పెట్టవలసిన పని కూడా పడలేదు. కాని అవి వేసవి లెక్కలు. ఆ జనవరిలో ముందు పూసిన చెట్లకు పిందె బఠాణీ గింజంత అయింది, తొలి తడి ఇవ్వాలి. తెల్లవారుజామున మామగారు మోటారు వేయడానికి బయలుదేరితే, టౌను అల్లుడు లుంగీ పైకి కట్టి, టార్చిలైటు పట్టుకొని వెంట వెళ్ళాడు. 'అల్లుడుగారూ, బురదండీ' అన్నా వినలేదట. సూర్యుడు వచ్చేదాకా చెట్టు చెట్టుకూ పార తిప్పి నీళ్ళు మళ్ళించి, అరచేతుల్లో బొబ్బలు తెచ్చుకొని, అత్తగారు వేడి ఇడ్లీ పెడితే పార పట్టిన చేత్తో తినలేక ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాడు. మరదళ్ళు ఆ మాట ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు.