మూడో హెచ్చరిక వచ్చినప్పుడు ఆ బిడ్డను ఎవరు ఎత్తుకుంటారు?

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. డెల్టాలో ఈ అంకెలు పిల్లలకు కూడా నోటికొచ్చు. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు దిగువ లంకల జనం ఇళ్లు వదిలి గట్టెక్కాల్సి వచ్చింది. బియ్యం మూట నెత్తిన పెట్టుకోవచ్చు, మేకను తోలుకుపోవచ్చు. పదిహేనేళ్లొచ్చినా అడుగు వేయలేని కొడుకుని మాత్రం ఎవరో ఒకరు ఎత్తుకోవాల్సిందే. ఆ ఎవరో ఒకరు చాలా ఇళ్లలో తల్లి, లేదంటే అక్క.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ సంగతి ఆలోచించింది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాలు రాసిపెట్టుకోవాలనీ, ప్రమాదం ముంచుకొచ్చే ముందు వాళ్లకు తెలియజేయాలనీ 8వ సెక్షన్ చెబుతోంది. వరద రాని నెలలో సచివాలయానికి వెళ్లి అడగండి: ఆ జాబితాలో మా బిడ్డ పేరుందా? పడవ వచ్చినప్పుడు మా ఇంటికి ముందు వస్తుందా?

వరద నాలుగు రోజులు. మిగతా ఏడాదంతా జరిగే మోత సంగతి ఎవరూ లెక్క రాయరు. కలిగినవాళ్ల ఇంట్లో ఇలాంటి బిడ్డ పుడితే ఆయాను పెట్టుకుంటారు. మన పేటల్లో ఆ ఆయా ఇంట్లోనే ఉంటుంది, జీతం ఉండదు. తల్లి కడియం నర్సరీలకో నాట్లకో వెళ్తేనే ఆ రోజు కూలి. వెళ్తే బిడ్డకు అన్నం పెట్టేది, కడిగేది ఎవరు? పెద్దకూతురు. ముందు వారానికి ఒకరోజు బడి మానేస్తుంది, తర్వాత మూడు రోజులు, ఆ తర్వాత రిజిస్టర్‌లో ఆమె బడి మానేసిన పిల్ల. ఆమెకు ఏ వైకల్యమూ లేదు కాబట్టి ఏ పథకమూ ఆమె వైపు చూడదు. పెళ్లి మాటల దగ్గర మాత్రం తమ్ముడి సంగతి ఆమె మీదే పడుతుంది.

చదువు విషయమే తీసుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. పక్కబడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్ల ఇష్టం. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, కదల్లేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. కానీ రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చేది అక్కే అయితే తమ్ముడి చదువు కోసం అక్క చదువు పోతుంది. సమగ్ర శిక్షలో రవాణా భత్యం, తోడు వచ్చేవారి భత్యం అని రెండు విడివిడిగా ఉన్నాయి. మండల విద్యాశాఖాధికారి దగ్గర రెండూ అడగాలి.

2011 జనగణన ప్రకారం ఎస్సీల్లో వైకల్యం ఉన్నవారు 2.45 శాతం, ఎస్సీ ఎస్టీలు కానివారిలో 2.18. పైకి చిన్న తేడా. కానీ గర్భిణికి తిండి చాలకపోవడం, కాన్పు ఆలస్యం కావడం, జ్వరానికి వైద్యం అందకపోవడం, ప్రాణాలకు తెగించి చేసే పనులు మన వాటాకే రావడం, ఇవన్నీ మనకు తెలిసినవే. ఇన్ని కనబడుతున్నా ఊరు చెప్పే కారణం ఒకటే: పూర్వజన్మ పాపం. మనల్ని ఊరికి దూరంగా పెట్టడానికి చెప్పిన కారణమూ అదే కదా. పేరు మార్చి గౌరవించే పద్ధతి కూడా రెండుచోట్లా ఒకటే. ‘దివ్యాంగులు’ అన్న మాట వింటే మాకు ‘హరిజనులు’ గుర్తొస్తుంది.

ఇక పెన్షన్. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ 6,000 రూపాయలు, మంచానికే పరిమితమైనవారికి 15,000. మంచి మొత్తమే. అయితే చాలా ఇళ్లలో అది బిడ్డ మందుల డబ్బు మాత్రమే కాదు, తల్లి పోగొట్టుకున్న కూలి కూడా అదే. అందుకే 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరిశీలించి నోటీసులిచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టలేదు. నోటీసు వస్తే అప్పీలుకు వెళ్లండి, సర్టిఫికెట్ కాపీ లేకుండా ఏ ఆఫీసులోనూ కాగితం వదలకండి. చట్టంలోని 24వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది: ఎక్కువ ఆసరా అవసరమైన వారికి సంరక్షకుల భత్యం. తల్లి చాకిరీకి వెల కట్టిన మాట అదొక్కటే. మన సంఘాల డిమాండ్ల కాగితాల్లో అది చాలా అరుదుగా కనిపిస్తుంది.

కాపలా కాసే మనిషి ఒక్క నిమిషం పక్కకి వెళ్తే ఏమవుతుందో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పటాన్ జమాల్ వలీ కేసు. పుట్టు అంధురాలైన ఎస్సీ యువతి మీద 2011లో అత్యాచారం జరిగింది. చేసినవాడు ఆమె అన్నదమ్ముల స్నేహితుడు, ఇంటికి వచ్చిపోయేవాడు. తల్లి ఆ సమయంలో ఇంటి ముందు కుళాయి దగ్గర పనిలో ఉంది. గొంతు విని అతన్ని గుర్తుపట్టానన్న ఆమె సాక్ష్యాన్ని కోర్టు నమ్మింది. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం బలహీనమైపోదని 2021 ఏప్రిల్‌లో తీర్పు చెప్పి యావజ్జీవ శిక్షను నిలబెట్టింది. కులం, ఆడతనం, వైకల్యం ఒకే మనిషి మీద కలిసి పనిచేస్తాయనీ, వాటిని విడదీసి చూడలేమనీ అదే తీర్పు ఒప్పుకుంది. అయినా కులం కారణంగానే నేరం జరిగిందని రుజువు కాలేదంటూ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. 2016 జనవరి 26 నుంచి చట్టం మారింది. ఇప్పుడు బాధితులు ఎస్సీ అని తెలిసి చేశాడని చూపిస్తే చాలు. కాబట్టి ఫిర్యాదులో నిందితుడికి ఆ కుటుంబం ఎంతకాలంగా తెలుసో మొదటిరోజే రాయించాలి.

పేటల్లో తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగేది ఒకటే: మేం పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు? 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో తల్లి కూడా సంరక్షకురాలు కాదు. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. తల్లిదండ్రులే కాదు, అక్క, తమ్ముడు, ఇతర బంధువులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన జిల్లాకైతే కలెక్టరేట్ రాజమహేంద్రవరంలోనే ఉంది. నియమితులైనవారు ఆరు నెలల్లోగా ఆ మనిషి పేరనున్న ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. ఇంటి పట్టా ఆ బిడ్డ పేరున ఉన్న ఇళ్లలో ఈ నిబంధన అన్నదమ్ముల మధ్య గొడవకు అడ్డుకట్ట. అమ్మానాన్న ఇద్దరూ బతికుండగానే ఈ దరఖాస్తు పెట్టండి, అప్పుడు సంతకం పెట్టడానికి వాళ్లుంటారు.