అన్నం తగ్గించే ముందు మందుల చీటీ చూపించండి

"సిస్టరమ్మా, రేపటి నుండి అన్నం మానేస్తాను. షుగరు దిగిపోతుంది కదా?" షుగరు క్లినిక్ జరిగే రోజుల్లో ఈ ప్రశ్న అడగని వారు తక్కువ. అడిగి వెళ్ళేవారితో మాకు ఇబ్బంది లేదు. ఎవరినీ అడగకుండా ఇంట్లో మొదలుపెట్టేవారి గురించే మా బెంగ.

పిండి పదార్థాలు, కేలరీలు తగ్గించడం మంచిదే. అధిక బరువు, షుగరు వ్యాధి, కాలేయంలో కొవ్వు ఉన్నవారిలో చాలామందికి దీనివల్ల మేలు జరుగుతుంది. అయితే మొదలుపెట్టే పద్ధతి ఒకటి ఉంది. ఆ పద్ధతి గురించే ఈ వ్యాసం.

మన కంచంలో ఏముంది?

మనం తినే ఆహారంలో శక్తినిచ్చేవి ముఖ్యంగా మూడు: పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు. ఆ శక్తిని కేలరీలలో కొలుస్తారు. పిండి పదార్థం, మాంసకృత్తులు ఒక్కొక్క గ్రాముకు 4 కేలరీలు, కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి. రక్తంలో షుగరును వెంటనే, ఎక్కువగా పెంచేది పిండి పదార్థమే.

వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండి పదార్థమే. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి ఒక్క అన్నం నుండే 310 గ్రాముల పిండి పదార్థం, దాదాపు 1400 కేలరీలు వస్తాయి. టీలో చక్కెర, సాయంత్రం బిస్కట్లు, బజ్జీలు దీనికి అదనం.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు షుగరు వ్యాధి ఉన్నదని అంచనా. అదే సర్వే నుండి 2025లో వచ్చిన మరో నివేదిక ప్రకారం, మన శక్తిలో నూటికి 62 పాళ్ళు పిండి పదార్థాల నుండే వస్తోంది. మాంసకృత్తులు చాలా తక్కువ. అంటే మన కంచంలో ఒకటి ఎక్కువైంది, ఇంకొకటి తక్కువైంది. రెండూ సరిచేసుకోవాలి.

మొదటి మెట్టు డాక్టరు గారి గది

షుగరుకు మందులు వాడుతున్నవారు ముందుగా ఒక సంగతి అర్థం చేసుకోవాలి. మీ మాత్ర లేక ఇన్సులిన్ మోతాదును డాక్టరు గారు మీరు ఇప్పుడు తింటున్న అన్నాన్ని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించారు. అన్నం సగమైతే మందు కూడా ఆ మేరకు మారవలసి రావచ్చు. అన్నం తగ్గి, మందు అలాగే ఉంటే షుగరు పడిపోతుంది.

అరవై ఏళ్ళు దాటిన ఒక పెద్దమ్మ సంగతి చెబుతాను. పక్కింటివారు చెప్పగా విని అన్నం పూర్తిగా మానేశారు. మధ్యాహ్నం కూరగాయలు, రాత్రి సూపు. ఉదయం వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకున్నారు. మూడవ రోజు సాయంత్రం చెమటలు పట్టి, మాట తడబడింది. నీరసమనుకొని ఇంట్లోవారు పడుకోబెట్టారు. రాత్రి కోడలు లేపితే లేవలేదు. ఆటోలో తెచ్చేసరికి షుగరు 38 ఉంది. నరం ద్వారా గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచారు. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది గనుక మరుసటి రోజు వరకు వార్డులోనే ఉంచి గంటగంటకు పరీక్ష చేశాం. ఆమె అన్నం తగ్గించాలనుకోవడం తప్పు కాదు. మందు సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లనే ప్రాణం మీదకు వచ్చింది.

కాబట్టి ఈ మందులు వాడేవారు డాక్టరు గారిని కలవకుండా మొదలుపెట్టవద్దు.

1. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్. వీటివల్ల షుగరు బాగా పడిపోయే ప్రమాదం ఉంది.

2. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి. ఈ మందులు వాడుతూ పిండి పదార్థం బాగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. అప్పుడు షుగరు మరీ ఎక్కువగా లేకపోయినా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. ఇది అత్యవసర పరిస్థితి.

3. బి.పి. మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి. పిండి పదార్థం తగ్గినప్పుడు శరీరం నుండి నీరు, ఉప్పు ఎక్కువగా పోతాయి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి.

అలాగని మందులు మీ అంతట మీరే మానవద్దు. తగ్గించాలా, ఎంత తగ్గించాలి అన్నది డాక్టరు గారే చెప్పాలి. మాత్ర పేరు గుర్తులేకపోతే ఖాళీ అట్ట తెచ్చి చూపించండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, చిన్ననాటి నుండి ఇన్సులిన్ మీదే ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఈమధ్య బాగా చిక్కిపోయినవారు సొంతంగా ఏ ఆహార నియమమూ మొదలుపెట్టరాదు.

మొదటి వారం: మానవద్దు, కొలవండి

మొదటి వారం ఏమీ తగ్గించనవసరం లేదు. ఒక నోటు పుస్తకం తీసుకొని, నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాయండి. అన్నం ఎన్ని కప్పులు, టీ ఎన్నిసార్లు, అందులో చక్కెర ఎన్ని చెంచాలు, ప్రార్థన కూడికలో ఇచ్చిన బిస్కట్లు, మనవడు వదిలేసిన చాక్లెట్, అన్నీ రాయాలి. చదువు రానివారికి పిల్లలు రాసిపెట్టవచ్చు.

ఇంట్లో ఒక కప్పును కొలతకు కేటాయించండి. 150 గ్రాముల అన్నం పట్టే చిన్న కప్పు చాలు. అందులో సుమారు 40 గ్రాముల పిండి పదార్థం, 200 కేలరీలు ఉంటాయి. మామూలుగా పెట్టుకునే అన్నాన్ని ఒకసారి ఆ కప్పుతో కొలిచి చూడండి. రెండు కప్పులే అనుకున్నది నాలుగు కావడం మేము చాలామందిలో చూశాం.

బరువు, నడుము కొలత కూడా రాసిపెట్టుకోండి. నడుము పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే మనవారికి ప్రమాద సూచన. కొలిచే టేపు బొడ్డు మీదుగా, బట్టల మీద కాకుండా పెట్టాలి.

రెండవ వారం: అన్నంలో కూర కాదు, కూరలో అన్నం

మనం అన్నం ముద్దకు కూర అద్దుకొని తింటాం. దీనిని తిరగవేయాలి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు, గుడ్డు, చేప లేక కోడి మాంసం. మిగిలిన పావు భాగం మాత్రమే అన్నం లేక రొట్టె. బంగాళదుంప, కంద, చేమదుంపలను కూరల లెక్కలో కాక అన్నం లెక్కలో వేసుకోవాలి.

ముందుగా చక్కెర కలిపిన టీ, కూల్ డ్రింకులు, పండ్ల రసాలు, బిస్కట్లు తీసివేయండి. టీకి రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు టీలు తాగితే చక్కెర నుండే 120 కేలరీలు వస్తాయి. తరువాత రాత్రి అన్నం తగ్గించండి. ఆ తరువాత మధ్యాహ్నం. ఒకేసారి అన్నీ కోస్తే నాలుగవ రోజుకు ఆకలికి తాళలేక బిర్యానీ దగ్గరకు వెళ్ళడం ఖాయం.

ఒక రోజుకు ఇలా ఉండవచ్చు:

ఉదయం: తక్కువ నూనెతో రెండు చిన్న పెసరట్లు, అల్లం పచ్చడి. లేదా రెండు చిన్న ఇడ్లీలు, గిన్నె నిండా కూరగాయలు వేసిన సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. చక్కెర లేని టీ.

మధ్యాహ్నం: ముందు కీరా లేక దోసకాయ ముక్కలు. బీర, సొర, బెండ, దొండ, కాకర వంటి కూర రెండు కప్పులు. గోంగూర పప్పు లేక పాలకూర పప్పు ఒక కప్పు. కొలత కప్పుతో ఒక్క కప్పు అన్నం. పలుచని మజ్జిగ.

సాయంత్రం: గుప్పెడు ఉడికించిన శనగల గుగ్గిళ్ళు.

రాత్రి ఎనిమిది లోపు: ఒక జొన్నరొట్టె లేక రెండు పుల్కాలు, కూర ఒకటిన్నర కప్పు, చేప ముక్క లేక గుడ్డు. మాంసాహారం తిననివారు పప్పు, పెరుగు తీసుకోవచ్చు.

ఇందులో రోజుకు సుమారు 150 నుండి 170 గ్రాముల పిండి పదార్థం, 1300 నుండి 1500 కేలరీలు ఉంటాయి. వైద్యులు తక్కువ పిండి ఆహారం అనేది సాధారణంగా రోజుకు 130 గ్రాముల లోపు. అక్కడికి వెళ్ళాలనుకుంటే ఈ మెట్టు మీద నెల రోజులు నిలబడి, రక్త పరీక్షలు చూపించుకొని వెళ్ళండి.

జొన్న, రాగి, చపాతీ ఎంతైనా తినవచ్చా?

ఈ అపోహ చాలా ఇళ్ళలో ఉంది. వంద గ్రాముల గోధుమ పిండిలో సుమారు 64, రాగుల్లో 67, జొన్నల్లో 68 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. బియ్యం కన్నా కొంత తక్కువ, పీచు ఎక్కువ. అంతే తేడా. అన్నం మాని నాలుగు చపాతీలు, పెద్ద గ్లాసు రాగి జావ తీసుకొని "షుగరు ఎందుకు తగ్గలేదు" అంటే ఏమి చెప్పాలి? ముందు చెప్పిన 2025 నివేదిక కూడా ఇదే చెప్పింది. మొత్తం పిండి పదార్థం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమలు, చిరుధాన్యాలు తిన్నంత మాత్రాన ప్రమాదం తగ్గినట్లు కనబడలేదు. పిండి పదార్థాన్ని కొంత తగ్గించి, ఆ స్థానంలో పప్పులు, పాలు, పెరుగు వంటి వాటి మాంసకృత్తులు తీసుకోవడం మేలుతో ముడిపడి కనిపించింది.

2017, 2018 ప్రాంతంలో మన రెండు రాష్ట్రాల్లో అన్నం పూర్తిగా మాని, కొబ్బరినూనె, నిమ్మరసం, సూపులతో నడిచే పద్ధతి ఊరూరా వ్యాపించింది. అంత కఠినమైనది ఎవరూ ఒంటరిగా చేయకూడదు. నూనె విషయంలోనూ జాగ్రత్త అవసరం. 5 మిల్లీలీటర్ల చెంచా నూనెలో 45 కేలరీలు ఉంటాయి. పిండి తగ్గించి నూనె పోసుకుంటే కేలరీల లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది. ఇంట్లో ఒక్కొక్కరికి రోజుకు ఐదారు చెంచాలకు మించకూడదు.

బ్రిటన్‌లో 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి మూడు నుండి ఐదు నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తరువాత వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులో ఉంది. ఆశ కలిగించే మాటే. అయితే వారి షుగరు, బి.పి. మాత్రలను వైద్య సిబ్బంది మొదటి రోజే ఆపించారు. ఇన్సులిన్ వాడేవారిని అందులో చేర్చుకోలేదు. ఆ పర్యవేక్షణ లేకుండా ఆ కేలరీల అంకెను మాత్రమే పట్టుకోవద్దు.

మొదటి రోజుల్లో వచ్చే ఇబ్బందులు

తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టడం, మలబద్ధకం కొందరికి వస్తాయి. నీళ్ళు, మజ్జిగ తగినంత తీసుకోండి. ఆకుకూరలు పెంచండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు నీరు, ఉప్పు కొలతను డాక్టరు గారిని అడగాలి. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గితే పొంగిపోవద్దు, అందులో ఎక్కువ భాగం నీరే. తరువాత బరువు నెమ్మదిగా తగ్గుతుంది. నెలకు రెండు కిలోలు తగ్గితే చక్కగా నడుస్తున్నట్లే.

షుగరు పడిపోతే

ఈ భాగాన్ని కత్తిరించి వంటింట్లో అంటించుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక, కారణం లేని కోపం, ఇవి గుర్తులు. గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర లేక గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించండి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ ఇవ్వండి. సర్దుకున్నాక కొంచెం ఆహారం పెట్టండి. గ్లూకోమీటరు లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా ముందు చక్కెర ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. కోలుకున్నా సరే, డాక్టరు గారికి ఆ రోజే తెలియజేయాలి.

ఇంటివారికి ఒక మాట

ఒక్కరి కోసం వేరే వంట ఎక్కువ కాలం సాగదు. కూర పెంచి అన్నం తగ్గించిన భోజనం ఇంటిల్లిపాదికీ మంచిదే. ఎదిగే పిల్లలకు మాత్రం అన్నం తగ్గించవద్దు. "ఈ ఒక్క ముద్దకు ఏమవుతుంది" అని బలవంతం చేసేవారు ప్రేమతోనే చేస్తారు, కాని ఆ ప్రేమను గుడ్డు రూపంలోనో కూర రూపంలోనో చూపించండి. విందులకు వెళ్ళినప్పుడు ముందు కూరలు, మాంసం ముక్కలు, పెరుగు చట్నీ తిని, చివర బిర్యానీ కొద్దిగా పెట్టుకోవచ్చు.

ఉపవాసాలు ఉండేవారు కూడా పైన చెప్పిన మందులు వాడుతుంటే ఒక వారం ముందే డాక్టరు గారితో మాట్లాడాలి. ఉపవాసం రోజున మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో అడిగి రాయించుకోండి.

క్లినిక్‌కు వచ్చేటప్పుడు మూడు తీసుకురండి: మందుల చీటీ, వారం రోజులు తిన్నది రాసిన పుస్తకం, ఇంట్లో చూసుకున్న షుగరు అంకెలు. పరగడుపున, తిన్న రెండు గంటల తరువాత చూసినవి రెండూ ఉండాలి. మూడు నెలల సగటు తెలిపే హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలల తరువాత ఒకసారి చేయించండి. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మీ కష్టం ఎంతవరకు ఫలించిందో మీకే తెలుస్తుంది.