పాత గొలుసు రంపములు

ఒకనాడు మన పల్లెలలో పెద్ద మానును పలకలుగా కోయవలెనన్న ఇద్దరు మనుష్యులు కావలసియుండెను. ఒకడు దుంగమీద నిలుచును. మరియొకడు క్రింద గోతిలో నిలుచును. ఇద్దరును పొడవాటి రంపమును పైకి క్రిందికి లాగుచుండగా, పొట్టు క్రిందివాని తలమీదను కన్నులలోను రాలుచుండెడిది. అడవులు విస్తారముగా గల ఇతర దేశములలో సైతము మానులను పడగొట్టుటయు, దుంగలుగా కోయుటయు చిరకాలము ఇట్లే ఇద్దరి భుజబలముమీద సాగినవి. ఆ బలమునకు బదులు ఇంజనును తెచ్చిన సాధనము గొలుసు రంపము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిన పిమ్మట, వీధులకు అడ్డముగా పడిన వృక్షములను తొలగించునప్పుడు బుర్రుమని మ్రోగిన యంత్రములను చూచినవారికి ఇది క్రొత్త వస్తువు కాదు.

అయితే మేమిప్పుడు చెప్పబోవునది నేటి యంత్రమును గురించి కాదు. అమెరికా, జర్మనీ, స్వీడన్, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో కొందరు, అర్ధశతాబ్దమునకు పూర్వము తయారైన గొలుసు రంపములను వెదకి తెచ్చి, బాగుచేసి, వానితో మరల దుంగలు కోయుచున్నారు. తేలికైన క్రొత్త రంపము అంగడిలో దొరకుచుండగా ఈ బరువైన పాత ఇనుమును మోయుట ఎందుకు? మోసినను, అద్దాల బీరువాలో పెట్టి చూచుకొనక దానిని మ్రోగించుట ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న ముందుగా ఆ యంత్రము ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెను.

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఆండ్రియాస్ స్టీల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును నిర్మించెను. దాని బరువు 48 కిలోలు. దానిని ఇద్దరు పట్టుకొనవలెను. పైగా కరెంటు తీగ అందు చోటనే అది పనిచేయును. అడవిలో కరెంటు ఎక్కడిది? కనుక 1929లో ఆయనయే పెట్రోలు ఇంజను గల రంపమును తెచ్చెను. దాని బరువు 46 కిలోలు. ఇంజను ప్రక్కన ఒకడు, గొలుసు తిరుగు పట్టీ చివర మరియొకడు నిలిచి దానిని మోసెడివారు. రంపము లాగు శ్రమ తప్పినది గాని, ఇద్దరు మనుష్యుల అవసరము తప్పలేదు.

ఆనాటి రంపములకు మరియొక చిక్కు కలదు. ఇంజనుకు పెట్రోలును గాలితో కలిపి అందించు భాగమును కార్బురేటరు అందురు. పాత కార్బురేటరులో చిన్న గిన్నె, అందులో తేలెడి బిరడావంటి తేలుడు ఉండెను. గిన్నె ప్రక్కకు ఒరిగినచో పెట్రోలు సరిగా అందదు, ఇంజను ఆగిపోవును. నిలిచియున్న చెట్టును పడగొట్టుటకు రంపమును అడ్డముగా పట్టవలెను. పడిన దుంగను కోయుటకు నిలువుగా పట్టవలెను. అందుచేత ఇంజనును నిటారుగానే ఉంచి, పట్టీని మాత్రము త్రిప్పు ఏర్పాటును చేసిరి. తరువాత గిన్నెకు బదులు పలుచని రబ్బరు పొరతో పనిచేయు కార్బురేటరులు వచ్చినవి. అప్పటినుండి రంపమును ఏ ప్రక్కకు వంచినను ఇంజను ఆగకుండెను.

ఇంజను బాగుపడినను గొలుసు బాగుపడలేదు. తొలినాటి గొలుసుల పండ్లు చేతిరంపపు పండ్లవంటివే. కొన్ని పండ్లు కోతకు ఇరుప్రక్కల గీయును, కొన్ని నడుమనున్న కొయ్యను గీకి తీయును. అవి తొందరగా మొండివారును, వానికి సానపట్టుట కష్టము. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అను కలప కూలి 1946లో ఒక మ్రోడులో కొయ్యను తొలుచు పురుగు పిల్లను గమనించెను. అది కొయ్య ఈనెను లెక్కచేయక, తన రెండు దవడలతో కుడికిని ఎడమకును కొరుకుచు సులువుగా ముందుకు పోవుచుండెను. ఆ దవడల ఆకారముననే ఉక్కు పండ్లను మలచి, గొలుసులో ఒకటి కుడివైపునకు, ఒకటి ఎడమవైపునకు అమర్చెను. 1947లో పోర్ట్‌లాండు నగరములో తన ఇంటి నేలమాళిగలోనే దాని తయారీని ప్రారంభించెను. నేటి గొలుసులకు మూలము ఆ ఆలోచనయే. సూక్ష్మముగా చూచు కన్ను ఉన్నచో పురుగు సైతము గురువగునని ఈ కథ చెప్పుచున్నది.

ఆ పిమ్మట యంత్రము త్వరత్వరగా తేలికపడినది. 1949లో అమెరికాలోని మెకల్లక్ సంస్థ సుమారు 25 పౌనులు, అనగా 11 కిలోలు తూగు రంపమును విడుదల చేసెను. 1950లో స్టీల్ సంస్థ ఒక్కడే మోయదగిన పెట్రోలు రంపమును తెచ్చెను. 1959లో అదే సంస్థ ‘కాంట్రా’ అను రంపమును తెచ్చినది. అందులో ఇంజనుకును గొలుసుకును నడుమ పండ్లచక్రములు లేవు, ఇంజను వేగముననే గొలుసు పరుగెత్తును. మెకల్లక్ సంస్థకు అధిపతియైన రాబర్టు మెకల్లక్ 1968లో లండనులోని పాత వంతెనను కొని, రాళ్ళను విడదీయించి ఓడలలో తెప్పించి, అరిజోనా రాష్ట్రములో తాను నెలకొల్పిన పట్టణమున మరల కట్టించెను. 1971లో అది ప్రారంభమైనది. రంపములు అమ్మిన ధనమునకు అంతటి మహిమ ఉండెడి రోజులవి.

ఇప్పుడు సేకరణ సంగతి. ఈ రంపములు పాత వ్యవసాయ గృహముల కొట్టములలోను, మూతపడిన కలప కార్ఖానాల మూలలలోను, వేలము పాటలలోను దొరకును. అనుభవజ్ఞుడైన సేకర్త రంగును చూచి మోసపోడు. ముందుగా త్రాడు మెల్లగా లాగి ఇంజను తిరుగుచున్నదా అని చూచును. తరువాత సైలెన్సరును విప్పి, పొగ వెలుపలికి పోవు రంధ్రమునుండి లోపలి పిస్టనును దీపపు వెలుగున పరీక్షించును. పిస్టను నునుపుగా ఉన్నచో ఆశ కలదు. నిలువు గీతలు పడియున్నచో నూనె చాలక ఒకనాడు అది బిగిసిపోయినదని అర్థము. అనేక అమెరికను రంపముల పైతొడుగు మెగ్నీషియముతో పోతపోసినది. తేమ తగిలిన అది తెల్లని పొడియై రాలును. అట్లు తినివేయబడిన తొడుగును పూర్వస్థితికి తెచ్చుట దాదాపు అసాధ్యము. మెకల్లక్ మాతృసంస్థ 1999లో దివాలా తీసినది. అటువంటి సంస్థల పాత భాగములు నేడు క్రొత్తవి దొరకవు. కనుక ఒక రంపము బ్రదుకుటకు మరి రెండు రంపములు తమ అవయవములను దానము చేయవలసి వచ్చును.

మరమ్మతు అనునది మూడు ప్రశ్నలతో ప్రారంభమగును: నిప్పు ఉన్నదా? పెట్రోలు అందుచున్నదా? గాలి దొంగతోవను ప్రవేశించుచున్నదా?

మొదటిది నిప్పు. ఈ రంపములలో బ్యాటరీ లేదు. తిరుగు చక్రములోని అయస్కాంతము తీగచుట్ట ప్రక్కనుండి పోవునప్పుడు విద్యుత్తు పుట్టును. సరియైన క్షణమున రెండు చిన్న లోహపు ముఖములు విడివడి ఆ ప్రవాహమును తెంచును. అప్పుడు వేల వోల్టుల నిప్పురవ్వ ప్లగ్గువద్ద పుట్టును. పాత మోటారు సైకిలు వీధిలో పోవునప్పుడు మన రేడియోలో టపటపమను చప్పుడు వినబడుట చాలమందికి అనుభవమే. ఆ చప్పుడునకు కారణము ఇట్టి నిప్పురవ్వయే. చాలకాలము పనిలేక యున్న రంపములో ఆ లోహపు ముఖములపై పొర పేరుకొనును. సన్నని ఆకురాయితో లేక గరుకు కాగితముతో దానిని తుడిచి, వాని నడుమ ఎడమును, సాధారణముగా సుమారు 0.4 మిల్లీమీటరు, సరిచేసినచో చాల రంపములకు ప్రాణము వచ్చును. అప్పటికిని రానియెడల కండెన్సరును అనుమానింపవలెను. పాత వాల్వు రేడియోను బాగుచేయించినవారికి ఈ పేరు తెలిసినదే. అక్కడను ఇక్కడను కాలము మొట్టమొదట కాటువేయు భాగములలో అది యొకటి.

రెండవది పెట్రోలు. టాంకులో ఎండిన పెట్రోలు జిగురువలె అంటుకొని సన్నని దారులను మూసివేయును. రబ్బరు గొట్టములు పెళుసెక్కును. కార్బురేటరు పొర అట్టవలె బిగుసుకొనును. వీనిని మార్చుటయే మార్గము. నేడు మన దేశముతో సహా అనేక దేశములలో పెట్రోలున ఇథనాలు కలుపుచున్నారు. అది తేమను పీల్చుకొనును, పాత రబ్బరును చెరచును. కనుక పని ముగిసిన పిమ్మట టాంకును ఖాళీచేయుట సేకర్తలకు నియమము. ఈ ఇంజనులకు నూనె వేరుగా ఉండదు, పెట్రోలులోనే కలుపవలెను. ఆనాటి నూనెకు 16 పాళ్ళ పెట్రోలునకు ఒక పాలు చొప్పున కలుపుట వాడుక. నేటి మేలైన నూనె అంతకన్న తక్కువైనను చాలును.

మూడవది గాలి. ఇరుసు రెండు చివరలను రబ్బరు కట్లు ఉండును. అవి ఎండి చీలినచో గాలి అధికముగా చొరబడి పెట్రోలు పాలు తగ్గును. పెట్రోలు తగ్గినచో దానితో వచ్చు నూనెయు తగ్గును. అప్పుడు ఇంజను మహావేగముగా, ఎంతో ఉత్సాహముగా మ్రోగును. తెలియనివాడు సంతోషించును, తెలిసినవాడు వెంటనే ఆపివేయును. ఏలయనగా మరికొన్ని నిమిషములలో పిస్టను బిగిసిపోవును. అరువది సంవత్సరములు నిలిచిన వస్తువు ఆ ఒక్క పూటలో నశించును.

ఇంతవరకు యంత్రమునకు కలుగు హాని చెప్పితిమి. ఇక మనిషికి కలుగు హాని. పట్టీ కొనపై భాగము కొయ్యకు తగిలినచో రంపము రెప్పపాటులో కోయువాని ముఖమువైపు ఎగసిపడును. అట్టి సమయమున గొలుసును ఆపు బ్రేకు 1970ల తొలినాళ్ళలో గాని రంపములకు రాలేదు. పిడులకు అదురును తగ్గించు రబ్బరు అమరికలు 1960ల మధ్యనుండి క్రమముగా వచ్చినవి. అంతకు పూర్వపు రంపము తన అదురునంతయు మనిషి చేతులలోనికే పోసెడిది. సంవత్సరముల తరబడి అట్లు పనిచేసిన కూలీలకు చలివేళ వ్రేళ్ళు పాలిపోయి తెల్లబడి, స్పర్శ తెలియకపోయెడిది. చొక్కా బొత్తాము పెట్టుకొనుట సైతము కష్టమయ్యెడిది. బ్రిటనులో ఈ ‘తెల్లవ్రేళ్ళ వ్యాధి’ పనివలన కలుగు వ్యాధిగా 1985లో మాత్రమే గుర్తింపబడినది.

ఇందువలన కొందరు పెద్దలు ‘ఈ రంపములను గోడకు వ్రేలాడదీయుడు, మ్రోగింపకుడు’ అందురు. వారి మాటలో న్యాయము కలదు. కాని మ్రోగని రంపమునందు కట్లు ఎండును, ఇరుసు త్రుప్పుపట్టును. అంతకన్న ముఖ్యముగా, దానిని నడుపు నేర్పు నశించును. గొలుసునకు నూనె అందించుటకు బొటనవ్రేలితో మీట ఎప్పుడు నొక్కవలెనో, చప్పుడును విని కార్బురేటరు మరను ఎంత త్రిప్పవలెనో పుస్తకము చదివి పూర్తిగా నేర్చుకొనలేము. ఒక చేతినుండి మరియొక చేతికి రావలెను.

మా అభిప్రాయములో వివేకవంతులైన సేకర్తలు అవలంబించు మధ్యేమార్గమే మేలు. వారు ఈ రంపములతో చెట్లను పడగొట్టరు, రోజుకూలి చేయరు. ఏడాదికి కొన్ని మారులు కలిసికొని, కదలకుండ బిగించిన దుంగనుండి కొన్ని బిళ్ళలు మాత్రము కోయుదురు. చెవులకు రక్షణ, ముఖమునకు జల్లెడ తెర, కాళ్ళకు గొలుసును చిక్కుపరచు నారగల దుస్తులు ధరింతురు. పాత రంపముల బలము ముందు ఆ నారనే నమ్ముకొనరాదని గూడ ఎరుగుదురు. పట్టీ కొనను కొయ్యకు తగులనీయరు. అయిదు పది నిమిషములు కాగానే ఇంజనును ఆపి, చేతులు దులుపుకొని నవ్వుకొందురు.

ఆ దులుపుకొనుటలోనే అసలు పాఠము ఉన్నది. పది నిమిషముల అదురునకు తమ చేతులు జివ్వుమనుచుండగా, అదే రంపమును ఉదయమునుండి సాయంకాలమువరకు, మంచులోను వానలోను, ఏండ్లతరబడి పట్టిన కూలివాని చేతులు వారికి గుర్తునకు వచ్చును. బీరువాలోని రంపము దానిని చేసిన ఇంజనీరు ప్రతిభను మాత్రమే చెప్పును. మ్రోగెడి రంపము దానిని మోసినవాని కష్టమును గూడ చెప్పును. మన ఇండ్లలో అటకమీద పడియున్న తాతగారి పనిముట్టు ఏదైనను, అది బాడిసయే కానిండు, చేతిరంపమే కానిండు, ఒకసారి దించి, త్రుప్పు తుడిచి, జాగ్రత్తగా చేతబట్టి చూడుడు. దాని పిడి ఎక్కడ అరిగినదో అక్కడ ఆయన చేయి ఉండెడిది.